పాఠకుల ప్రశ్నలు: ‘స్టైన్స్ గేట్’ బలమెక్కడ, లోపమెక్కడ

కాలయానం ఇతివృత్తంగా వచ్చిన జపాన్ యానిమే (యానిమేషన్) ధారావాహికల్లో ఏది చూడదగినదని ఆ మధ్య ఒక పాఠకుడు అడిగారు. ‘స్టైన్స్ గేట్’ చూడండి, లోపాలు ఉన్నా దానికి సాటివచ్చేది నాకు కనిపించలేదు అని రెండు వాక్యాల్లో జవాబు రాశాను. ఆ జవాబు కొందరికి నచ్చింది, కొందరికి అన్యాయంగా తోచింది, మరికొందరు ఆ లోపాలేమిటో చెప్పకుండా తప్పించుకున్నారని నిలదీశారు. నిలదీసినవారి మాటే న్యాయం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క ధారావాహికకే కేటాయిస్తున్నాను. ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పాలంటే ముగింపుతో సహా కథలోని మలుపులన్నీ బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివారు, చూసే ఉద్దేశం ఉన్నవారు, ఈ పేజీని దాచిపెట్టుకుని చూశాక చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. మైక్రోవేవ్ ఓవెన్‌తో గతంలోకి మెసేజీలు పంపే కథ అంటూ దీన్ని రెండోసారి చూస్తున్నాడు. అసలు ఇదేమిటి, ఎవరు తీశారు, వాడి వయసుకు తగినదేనా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజమేనండి. టోక్యోలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలకూ యానిమే అభిమానుల సందడికీ పేరుపడ్డ అకిహబారాలో, పాత టీవీలు అమ్మే దుకాణం పైగదిని అద్దెకు తీసుకుని, దానికి ప్రయోగశాల అని పేరు పెట్టుకున్న ఒకాబే రింతారో అనే కాలేజీ కుర్రాడు కథానాయకుడు. తనను తాను పిచ్చి శాస్త్రవేత్తగా ప్రకటించుకుని, ఎవరూ లేని ఫోనులో రహస్య సంస్థల గురించి మాట్లాడుతూ తిరుగుతుంటాడు. చిన్ననాటి నేస్తం మయూరి (మన మయూరికీ ఆ జపాన్ పేరుకూ సంబంధం లేదు), కంప్యూటర్లలో దిట్ట అయిన దారు, అమెరికాలో చదివి పద్దెనిమిదేళ్ళకే పరిశోధనా పత్రం ప్రచురించిన మకిసే కురిసు అతనికి తోడు. సెల్‌ఫోనుతో నడిచేలా వాళ్ళు మార్చిన మైక్రోవేవ్ ఓవెన్ అనుకోకుండా సందేశాలను గతంలోకి పంపడం మొదలుపెట్టడంతో 2010 జూలై చివర్లో కథ ఆరంభమవుతుంది.

మొదట ఇది 2009 అక్టోబరులో వచ్చిన గేమ్. 5పీబీ, నైట్రోప్లస్ సంస్థలు కలిసి చేశాయి. తెర మీది కథను చదువుకుంటూ, అక్కడక్కడ మన నిర్ణయాలతో దాన్ని మలుపు తిప్పే రకం ఆట అది. ఆ తర్వాత వైట్ ఫాక్స్ స్టూడియో దాన్ని 24 ఎపిసోడ్ల యానిమేగా తీసింది. హమసాకి హిరోషి, సాతో తకుయా దర్శకులు. 2011 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు జపాన్ టీవీలో ప్రసారమైంది.

ఇక వయసు సంగతి. హింస తక్కువే గాని, ఉన్నచోట కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. పన్నెండో ఎపిసోడ్ నుంచి ఒక అమ్మాయి మరణం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది, ఆత్మహత్య ప్రస్తావన కూడా ఉంది. దారు పాత్ర ఆడపిల్లల గురించి వెకిలిగా మాట్లాడుతూనే ఉంటాడు. ఇంటర్ చదివే పిల్లవాడు చూడకూడనిదని నేననను. అయితే మీరు కూడా ఒకసారి పక్కన కూర్చుని చూడండి. వాడితో మాట్లాడవలసిన సంగతులు ఇందులో చాలా ఉన్నాయి.

ప్రశ్న: నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ ఆరో ఎపిసోడ్ దగ్గర ఆపేశాను. పన్నెండు దాకా ఓపిక పట్టమని స్నేహితులు అంటున్నారు. కథ కదలడానికి సగం దాకా ఆగమనడమే లోపం కాదా సార్? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ)

జవాబు: ఓపిక పట్టమని చెప్పే అభిమానులు ఆ ధారావాహికకు మేలు చేయడం లేదని నా అభిప్రాయం. మొదటి పదకొండు ఎపిసోడ్లలో ఏమీ జరగదన్నట్టు వాళ్ళు మాట్లాడుతారు. నిజానికి జరగవలసినవన్నీ అక్కడే జరిగిపోతాయి, జరుగుతున్నట్టు మనకు తెలియదు, అంతే.

మొదటి ఎపిసోడ్‌నే తీసుకోండి. రేడియో కైకన్ భవనంలో కురిసు ఒకాబేను ఆపి, పావుగంట క్రితం నాతో ఏదో చెప్పబోయావు కదా, ఏమిటది అని అడుగుతుంది. అతను ఆమెను అంతకుముందు చూసి ఉండడు. ఆ తర్వాత భవనంలో ఎవరిదో కేక వినబడుతుంది, వెళ్ళి చూస్తే ఆమె రక్తపుమడుగులో పడి ఉంటుంది. ఈ రెండు చిన్న సంగతులకూ సమాధానం చివరి రెండు ఎపిసోడ్లలో దొరుకుతుంది. మైక్రోవేవ్ మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా మాత్రమే గతంలోకి సందేశాలు పంపుతుంది. ఎందుకో వాళ్ళు తల బద్దలుకొట్టుకుంటుంటే, కింది దుకాణంలో పెద్ద పాత టీవీని ఆ వేళల్లోనే ఆన్ చేసి ఉంచుతారన్న విషయం మన కళ్ళముందే తిరుగుతూ ఉంటుంది. పచ్చటి జెల్లీగా మారిపోయిన అరటిపండు మొదట హాస్యంగా ఉంటుంది. కథలోని దుష్ట పరిశోధన సంస్థ సెర్న్ ప్రయోగాల్లో మనుషులు కూడా అలాగే మారిపోయారని తెలిసినప్పుడు ఆ హాస్యం గొంతులో అడ్డుపడుతుంది. ఒకాబే పిచ్చివేషం మరీ ముఖ్యం. నాయనమ్మ పోయాక మాటా పలుకూ లేక రోజూ సమాధి దగ్గర నిలబడే చిన్నపిల్ల మయూరిని ఈ లోకం నుంచి పోనీయకుండా పట్టి ఉంచడానికి, నువ్వు నా బందీవి అంటూ అతను తొడుక్కున్న వేషమది. ఈ సంగతి తెలిశాక మొదటి ఎపిసోడ్లలో విసుగు పుట్టించిన ప్రతి ప్రగల్భమూ వేరుగా వినిపిస్తుంది.

కాబట్టి నెమ్మది లోపం కాదు. అయినా మీ అసహనానికి కారణం లేకపోలేదు, దాని మూలం వేరేచోట ఉందని నాకు అనిపిస్తుంది. గేమ్‌లో ఆడేవాడి నిర్ణయాన్ని బట్టి కథ ఒక్కో అమ్మాయి వైపు చీలిపోయి, ఒక్కో ముగింపుకు చేరుతుంది. యానిమేకు ఒకే దారి కావాలి గనుక ఆ చీలికలన్నింటినీ వరసగా పేర్చారు. దాంతో ఆరు నుంచి పది దాకా ఒక్కొక్కరు వచ్చి గతంలోకి తమ సందేశం పంపుకుంటారు, పదహారు నుంచి ఇరవై దాకా అదే జనం మళ్ళీ వరసలో నిలబడి వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటారు. ఈ మధ్యభాగంలో మాత్రం కథ తనంతట తాను నడవదు, పట్టిక ప్రకారం నడుస్తుంది. ప్రతి అమ్మాయీ తన వంతు రాగానే ఒకాబే మీద మనసు విప్పడం కూడా ఆ గేమ్ మిగిల్చిన మచ్చే.

అయినా ఆ వరసలోనే ఈ ధారావాహిక ప్రాణమంతా ఉంది. ఫేరిస్ అనే అమ్మాయి పంపిన సందేశం వల్ల పదేళ్ళ క్రితం విమానప్రమాదంలో పోవలసిన ఆమె తండ్రి బతుకుతాడు, దాని ఫలితంగా అకిహబారాలో యానిమే దుకాణాలన్నవే లేకుండా పోతాయి. పన్నెండో ఎపిసోడ్ నుంచి మళ్ళీ మళ్ళీ చనిపోతూ కనబడే మయూరిని కాపాడాలంటే ఆ సందేశాన్ని రద్దు చేయాలి. అంటే పదేళ్ళు కలిసి బతికిన తండ్రిని ఆ కూతురే తన చేత్తో మృత్యువుకు అప్పగించాలి. ఆమె ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న మరుక్షణం, అలా ఒప్పుకున్న సంగతి కూడా ఆమెకు గుర్తుండదు. ప్రపంచం మారినా పాత జ్ఞాపకం చెరగని శక్తి ఒకాబే ఒక్కడికే ఉంది గనుక, ఆమె త్యాగం చేసిందని తెలిసిన మనిషి లోకంలో అతనొక్కడే మిగులుతాడు. కాలయాన కథల్లో చాలావాటికి గతాన్ని మార్చడం తప్పు దిద్దుకునే అవకాశం. ఇందులో మాత్రం ఒక తప్పు దిద్దిన ప్రతిసారీ ఎవరిదో ఒక జీవితం, వాళ్ళకే తెలియకుండా, చెరిగిపోతుంది. చెరిపినవాడు దాన్ని మోస్తూ తిరగాలి. ఇంత స్పష్టంగా ఈ మాట చెప్పిన ధారావాహిక మరొకటి నేను చూడలేదు. ఈ ఒక్క కారణానికి మీరు అయిదోసారి మొదలుపెట్టవచ్చు, ఈసారి ఏడో ఎపిసోడ్ దాటండి.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. విద్యార్థులు ఇందులోని కృష్ణబిలాల గురించి తరగతిలో అడుగుతున్నారు. సైన్సు ఎంతవరకు సరైనది? (ఒక అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీకు సైన్సు చెప్పేంతవాణ్ని కాను. ఈ కథ ఎక్కడెక్కడి నుంచి ఏమేమి తెచ్చుకుందో మాత్రం చెప్పగలను.

కథలో దుష్ట సంస్థ పేరు సెర్న్. జెనీవా దగ్గర ఉన్న అసలు సంస్థ ఇంగ్లీషు పేరులో (CERN) మొదటి అక్షరం ఒక్కటి మార్చారు (SERN), పలకడానికి రెండూ ఒకటే. అక్కడి 27 కిలోమీటర్ల కణత్వరణ యంత్రాన్ని 2008 సెప్టెంబరులో మొదటిసారి నడిపినప్పుడు భూమి కృష్ణబిలంలో కలిసిపోతుందన్న భయం మన టీవీ వార్తల్లో కూడా కొన్ని రోజులు మోగడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి సంవత్సరమే ఈ గేమ్ వచ్చింది. నిజానికి విశ్వకిరణాలు అంతకన్నా ఎక్కువ శక్తితో అనాదిగా భూమి వాతావరణాన్ని తాకుతూనే ఉన్నాయి గనుక ఆ భయానికి ఆధారం లేదు. తిరిగే కృష్ణబిలానికి రాయ్ కెర్ 1963లో ఇచ్చిన గణిత పరిష్కారంలో, లోలోపల, కాలంలో వెనక్కి చుట్టుకునే మార్గాలు కాగితం మీద కనబడతాయన్నది నిజమే. ప్రకృతిలో అవి నిలుస్తాయని ఎవరూ నిరూపించలేదు. ఆ పరిష్కారాన్నే కథ తన సందేశాలకు ద్వారంగా వాడుకుంది.

2036 నుంచి వచ్చానని చెప్పుకుంటూ 2000–2001లో ఇంటర్నెట్‌లో రాసిన జాన్ టైటర్ అనే అజ్ఞాత వ్యక్తి ఉదంతం కూడా నిజంగా జరిగిందే. అతను చెప్పిన అమెరికా అంతర్యుద్ధం రానేలేదు. అతను వెతుక్కుంటూ వచ్చానన్న ఐబీఎం 5100 కంప్యూటర్ మాత్రం 1975లో నిజంగా వచ్చిన యంత్రం. పాతికకిలోల బరువుతో కూడా, ఆ కాలానికి అది చేత్తో మోసుకుపోదగినదే. కథలో దాన్ని ఐబీఎన్ అన్నారు. అసలు లోకంలోని ఇలాంటి ముక్కలను ఏరి, ఒక్కో అక్షరం మార్చి, నమ్మదగిన అల్లిక చేయడంలో ఈ రచయితల నేర్పు చాలా గొప్పది. కురిసు ఆరంభంలో ఒక ప్రసంగంలో కాలయాన సిద్ధాంతాలను వరసగా తీసుకుని, ఇవన్నీ ఎందుకు పనికిరావో చెబుతుంది. అసాధ్యమని వాదించిన మనిషి చేతనే ఆ తర్వాత యంత్రం తయారు చేయించడం నాకు ఎంతో నచ్చింది.

అల్లిక తెగేచోటు మీ విద్యార్థులకు చూపించదలిస్తే, నా ఎంపిక కృష్ణబిలం కాదు, 36 బైట్లు. గతంలోకి పంపే సందేశం 36 బైట్లకు మించకూడదన్న నియమం మొదటి సగంలో అద్భుతంగా పనిచేస్తుంది. అన్ని తక్కువ అక్షరాల్లో గతానికి ఏం చెప్పాలన్న ఇరకాటంలోంచే అపార్థాలు, అనర్థాలు పుడతాయి. ఆ తర్వాత మనిషి జ్ఞాపకాలన్నింటినీ గతంలోని అతని బుర్రలోకే పంపే యంత్రం వస్తుంది. జ్ఞాపకాలు 3.24 టెరాబైట్లట, వాటిని కృష్ణబిలంలో నొక్కి 36 బైట్లు చేస్తారట. 36 బైట్లంటే 288 బిట్లు. అందులో పట్టేది అంతే, ఎంత నొక్కినా ఒక జీవితకాలపు జ్ఞాపకాలు అందులో ఇమడవు. తాను పెట్టుకున్న మంచి నియమాన్ని కథ ఇక్కడ తానే గాలికి వదిలేసింది. దీనికి ఒక ప్రతిఫలం ఉంది, ఒప్పుకోవాలి. ఆ యంత్రం 48 గంటలకు మించి వెనక్కి పంపలేదన్న హద్దు పెట్టడంతో, ఒకాబే అవే రెండు రోజులను పదేపదే బతుకుతూ మనకళ్ళ ముందే అలసిపోయి, మొద్దుబారిపోతాడు. ఆ అలసట చూపించడంలో గొంతునిచ్చిన మియానో మమోరు నటన నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ప్రశ్న: మయూరి ఎలాగైనా చనిపోవాల్సిందే అంటారు. కాని వేరేవాళ్ళ చావులు, బతుకులు సందేశాలతో మారిపోతున్నాయి. మయూరికే ఎందుకీ నియమం? దీనికి సరైన జవాబు నాకు ఎవరూ చెప్పలేదు. (ఒక పాఠకుడు, కడప)

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలన్నింటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీదే. సరైన జవాబు మీకు దొరకకపోవడానికి కారణం, ధారావాహికలో ఆ జవాబు లేకపోవడమే.

అందులో చెప్పే సూత్రం ఇది: ప్రపంచాలు తాడులోని పోగుల్లాంటివి. విడిగా చూస్తే పోగులు వేరువేరుగా సాగినా తాడు పోయే చోటికే అన్నీ చేరతాయి. ఒక తాడులో ఉన్నంతకాలం మయూరి మరణం తప్పదు. తుపాకీ గుండు తప్పిస్తే రైలు కింద పడుతుంది, అది తప్పిస్తే కారు గుద్దుతుంది, అన్నీ తప్పించి ఏ ఆపదా లేనిచోట కూర్చోబెట్టినా గుండె ఆగిపోతుంది. ఆమె చేతిలోని నాయనమ్మ గడియారం ఆగిపోవడం ఆ ఘడియకు ముందస్తు హెచ్చరిక. చూస్తుంటే మనకు పరీక్షిత్తు గుర్తుకు రాక మానడు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు పోతాడని శాపం తగిలాక, ఒంటిస్తంభపు మేడ కట్టుకుని చుట్టూ కాపలా పెట్టుకున్నా, పండులో పురుగై పాము రానే వచ్చింది. ఎక్కడ దాక్కున్నా చావు తన దారి తాను వెతుక్కుంటుందన్న ఊహ మనకు కొత్తది కాదు.

అయితే పరీక్షిత్తు కథలో కారణం ఉంది. ముని మెడలో చచ్చిన పామును వేసినందుకు ముని కొడుకు ఇచ్చిన శాపమది. ఆ మాట పట్టి ఉంచుతుంది గనుక మేడ పనిచేయలేదు. మయూరి విషయంలో ఆ మాట ఎవరిది? భవిష్యత్తులో లోకాన్ని గుప్పిట్లో పెట్టుకునే సెర్న్ సామ్రాజ్యం రావడానికి ఆమె మరణం ఎందుకు అవసరమో కథ చెప్పదు. ఫేరిస్ తండ్రి మరణం మార్చవచ్చు, ఒక మనిషి పుట్టుకనే మార్చవచ్చు, ఒక పేట మొత్తం స్వరూపం మార్చవచ్చు, ఈ ఒక్క పిల్ల ప్రాణం మాత్రం మార్చకూడదు. పోనీ అది రాతి మీది గీతా అంటే అదీ కాదు, ఒక్కో సందేశాన్ని రద్దు చేసేకొద్దీ ఆమె మరణం ఒక్కో రోజు తర్వాతికి జరుగుతూ పోతుంది. మరి జరిగేది విధి ఎలా అవుతుంది? ప్రపంచాలు ఎంత దూరం జరిగాయో అంకెల్లో చూపించే మీటరు కూడా ఉంది. ఆ గాజుగొట్టాల అంకెలు ఎంత అందంగా వెలిగినా, వాటిని తిప్పుతున్నది రచయిత చెయ్యేనన్న సంగతి కొంచెం దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. తర్కం వరకు ఇది ఈ ధారావాహికలో అతిపెద్ద బలహీనత అని నా అభిప్రాయం.

ఇంకో మాట. మీరు అడగలేదు గాని నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది ఇది. ఒకాబే ఒక ప్రపంచం నుంచి మరో ప్రపంచానికి జారినప్పుడు, అక్కడ అప్పటిదాకా బతుకుతున్న ఒకాబే ఒకడు ఉండాలి కదా. అతని జ్ఞాపకాలు, అతను ఆ లోకంలో గడిపిన రోజులు ఏమయ్యాయి? మన ఒకాబే వచ్చి అతని తలలో కూర్చోగానే అతను చడీచప్పుడూ లేకుండా తుడిచిపెట్టుకుపోతాడు. ఇతరుల జీవితాలు చెరిగిపోవడం గురించి ఇంత వేదన పడిన కథ, తన నాయకుడు తనను తానే ఇన్నిసార్లు చెరిపేసుకోవడాన్ని ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. చూసి ఉంటే ఇది ఇంకా గొప్ప కథ అయ్యేది.

అయినా మయూరి మరణాల వరస చూస్తున్నప్పుడు ఈ ఎదురుప్రశ్నలేవీ నాకు తట్టలేదని కూడా నిజాయితీగా చెప్పాలి. దగ్గరివాళ్ళు పోయినప్పుడు, ఆ రోజు బయటికి పంపకుండా ఉంటే, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే అని మనం మనసులో ఆ రోజును వందసార్లు వెనక్కి తిప్పుతాం, ప్రతిసారీ అది అక్కడికే వచ్చి ఆగుతుంది. ఒకాబే చేస్తున్నదీ అదే. సూత్రం నిలవకపోయినా దుఃఖం నిలిచింది.

ప్రశ్న: రుకా పాత్రను చూపించిన తీరు నాకు బాధ కలిగించింది. అభిమానులు దీని గురించి మాట్లాడరేం? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: మాట్లాడాలి. రుకా దేవాలయంలో ఉండే, అమ్మాయిలా కనిపించే, అమ్మాయిగా పుట్టి ఉంటే బాగుండునని కోరుకునే అబ్బాయి. ఆ కోరికను వినవలసిన కథ, రుకా తెర మీదికి వచ్చిన ప్రతిసారీ, ఎంత అందమో, కాని మగవాడు అన్న ధోరణిలో ఒకాబే మనసులో ఒకే పల్లవి పాడించి నవ్వించబోయింది. రుకా కోరిక తీరిన విధానం మరీ పేలవం. గర్భంతో ఉన్న తల్లి పేజర్‌కు కూరగాయలు తినమని సందేశం పంపితే అమ్మాయి పుట్టిందట. పుట్టబోయేది ఆడో మగో తల్లి తిండిని బట్టి కాదు, తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి తేలుతుందని హైస్కూలు పిల్లలు కూడా చదువుకుంటారు. కురిసు దాన్ని మూఢనమ్మకమంటూనే ఉంటుంది, కథ మాత్రం ఫలితాన్ని నిజం చేసేసి ముందుకు సాగిపోతుంది. ఆడపిల్లలను కన్నందుకు తల్లులను నిందించిన ఇళ్ళు చూసిన మనకు ఈ ఘట్టం తేలికగా మింగుడుపడదు.

రుకా కూడా ఫేరిస్ లాగే తనకు దక్కినదాన్ని వదులుకుంటుంది, ఆ నష్టం అంతే పెద్దది. కాని దానికి ముందు అంత వెక్కిరింత పెట్టుకున్నందువల్ల ఆ ఎపిసోడ్ నిలబడవలసినంత ఎత్తులో నిలబడలేదు. దారు మాటల విషయంలోనూ నాది ఇదే ఫిర్యాదు. కురిసు మాత్రం ఈ లోపం నుంచి చాలావరకు బయటపడింది. ఆమె ఎవరో మెచ్చుకోవలసిన అందంగా కాక, ఆలోచించే మనిషిగా కథలో ఉంది. కాలంలో వెనక్కి వచ్చానని ఒకాబే చెప్పినా తాను నమ్మనని ఆమెకు ముందే తెలుసు గనుక, ఇప్పుడు నాకు అన్నిటికన్నా కావలసింది నా సొంత ఫోర్కు అని గతంలోని నాకు చెప్పు, నమ్ముతాను అంటుంది. ఎవరికీ చెప్పుకోని అంత చిన్న కోరికను ఆధారంగా ఇవ్వడంలో ఆమె తెలివీ, ఒంటరితనమూ రెండూ తెలిసిపోతాయి.

ప్రశ్న: దీని తర్వాత వచ్చిన ‘జీరో’, సినిమా కూడా చూడాలా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ముందు అసలుది పూర్తిచేయండి. 2013లో వచ్చిన సినిమా కురిసు వైపు నుంచి ఇదే దుఃఖాన్ని చెప్పే ప్రయత్నం. కొన్ని దృశ్యాలు బాగుంటాయి, కాని చూడడం తప్పనిసరి కాదు. 2018 నాటి ‘జీరో’ 23 ఎపిసోడ్లు. కురిసును కాపాడలేక చేతులెత్తేసిన ఒకాబే కథ అది. ఓడిపోయిన మనిషి రోజువారీ బతుకును చూపించినంతసేపు అది మొదటిదానికి తీసిపోదు. మధ్యలో కొత్త పాత్రలు, కుట్రలు పెరిగాక పట్టు సడలుతుంది. ఆసక్తి మిగిలి ఉంటే చూడండి.

ప్రశ్న: అంత కష్టపెట్టి చివరికి ఇద్దరినీ బతికించేశారు. ఇది ప్రేక్షకుల మెప్పుకోసం చేసిన మోసం కాదా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: మయూరి బతకాలంటే కురిసు రక్తపుమడుగులో పడి ఉన్న మొదటి ప్రపంచానికే తిరిగి వెళ్ళాలని తెలిసినప్పుడు, ఇరవై రెండో ఎపిసోడ్‌లో ఒకాబే ఆ నిర్ణయం తీసుకుంటాడు. అక్కడితో ఆపి ఉంటే కథ మరింత గంభీరంగా ఉండేదని మీలాగే చాలామంది అంటారు. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను.

భవిష్యత్తు నుంచి వచ్చిన కాలయంత్రంలో కురిసును కాపాడడానికి వెళ్ళిన ఒకాబే, తన చేత్తోనే పొరపాటున ఆమెను పొడుస్తాడు. మొదటి ఎపిసోడ్‌లో మనం విన్న కేక అతనిదేనని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత పదిహేనేళ్ళ భవిష్యత్తులోని తన నుంచే వచ్చిన వీడియో అతనికి దారి చూపిస్తుంది: జరిగినదాన్ని మార్చకు, నువ్వు చూసినదాన్ని అలాగే ఉంచు. మొదటి రోజున ఒకాబే చూసిందల్లా రక్తపుమడుగు, అందులో పడి ఉన్న కురిసు. ఆమె చనిపోయిందని అతను అనుకున్నాడు, అంతే. ఆ దృశ్యం అలాగే ఉండి, అందులో ఆమె ప్రాణంతో ఉంటే చాలు, ప్రపంచం తన మాట తాను తప్పనక్కరలేదు.

సావిత్రి చేసింది కూడా ఇదే కదా. యముణ్ని ధిక్కరించలేదు, అతని మాటను కాదనలేదు. నూరుగురు కొడుకులు కావాలన్న వరం పుచ్చుకుని, ఆ వరం నిలబడాలంటే భర్త బతకక తప్పని స్థితికి తీసుకొచ్చింది. విధిని ఓడించకుండా, దాని అక్షరాన్ని దానికే ఒప్పజెప్పింది. ‘స్టైన్స్ గేట్’ ముగింపు కూడా అటువంటిదే. అందుకే మోసం అన్న మాటను నేను ఒప్పుకోను. ముందు ఎపిసోడ్లలో ఎప్పుడో వదిలేసిన గింజలన్నీ, చివరికి మొదటి రోజు గచపాన్ యంత్రంలోంచి (నాణెం వేస్తే చిన్న బొమ్మ ఇచ్చే యంత్రం) వచ్చిన లోహపు బొమ్మ కూడా, ఇక్కడ అవసరానికి వస్తాయి. కురిసు తండ్రి నకబాచి ఆమె నుంచి లాక్కుపోయిన కాలయంత్ర పరిశోధన కాగితాలు విమానం మంటల్లో కాలకుండా మిగలడానికి కారణం, ఆ కవర్లో ఆ బొమ్మ ఉండడమే. దాన్ని తప్పిస్తే, ఆ కాగితాల వల్ల రాబోయే మూడో ప్రపంచయుద్ధం తప్పుతుంది.

అయినా మీ అనుమానంలో ఒక సగం నాకూ ఉంది. ముందు ఒక మరణాన్ని మార్చడానికి ఇన్ని ఎపిసోడ్ల నరకం పట్టింది, ఇక్కడ రెండో ప్రయత్నానికే పని పూర్తవుతుంది. అందులోనూ ఆ వీడియో పంపిన పెద్ద ఒకాబే పదిహేనేళ్ళ శ్రమ మనకు కనిపించదు, మాటల్లో వినిపిస్తుంది. మయూరి మరణాల దగ్గర ఓపికగా కూర్చున్న కథ ఇక్కడ త్వరపడింది. ఆ పదిహేనేళ్ళలో కొంతనైనా చూపించాలన్న ఆలోచన నుంచే ‘జీరో’ పుట్టిందని నాకు అనిపిస్తుంది.

ఆ త్వరను క్షమించడానికి నాకు ఒక దృశ్యం చాలు. బొమ్మకత్తిలో తెచ్చుకున్న నకిలీ రక్తం గడ్డకట్టి బయటికి రాదు. మడుగు లేకపోతే పథకం పోయినట్టే. అప్పుడు ఒకాబే నకబాచిని రెచ్చగొట్టి, తనను పొడిపించుకుని, ఆ గాయాన్ని తన చేత్తోనే ఇంకా చీల్చి, తన నెత్తురు నేల మీద పరుస్తాడు. స్పృహ తప్పించిన కురిసును అందులో పడుకోబెట్టి, తూలుతూ పక్కకు తప్పుకుని నిలబడతాడు. మూడు వారాల క్రితపు తాను, ఏమీ తెలియని ఆ పిచ్చి కుర్రాడు, లోపలికి వచ్చి చూసి భయంతో పరుగెత్తుతాడు. ఈ కురిసుకు ఆ మూడు వారాలు లేవు. కొన్నాళ్ళ తర్వాత అకిహబారా వీధిలో ఎదురుపడినప్పుడు, తనను కాపాడినవాడని గుర్తుపట్టి కృతజ్ఞత చెప్పబోతుంది గాని, వాళ్ళిద్దరూ కలిసి గడిపినదేదీ ఆమెకు తెలియదు. అతను అలవాటుగా, తాను పెట్టిన పేరుతో, ‘క్రిస్టీనా’ అంటాడు. నేను క్రిస్టీనానూ కాను, అసిస్టెంటునూ కాను అని ఆమె చటుక్కున అనేసి, తాను ఆ మాట ఎందుకన్నానో తెలియక ఆగిపోతుంది. ఫేరిస్‌కు, రుకాకు దక్కని ఆ ఒక్క క్షణం జ్ఞాపకం ఆమెకు దక్కింది.